మారుమనస్సులో ఆ అయిదో వంతు ఏమైంది?

ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల దినాలు వచ్చాయంటే చాలు, ఉపవాస కూటాల్లో 51వ కీర్తన, దావీదు రాజు పాపం ఒప్పుకుని చేసిన ప్రార్థన, వినబడని రోజుండదు. "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అన్న దగ్గరికి వచ్చేసరికి గొంతులు వణుకుతాయి, కొంగులు కళ్లకి వెళ్తాయి. ఆ కన్నీళ్లు అబద్ధమని నేననను. కానీ ఆ వాక్యం చాటున మనం దాక్కుంటున్నామని మాత్రం గట్టిగానే అంటాను. దేవుని దగ్గర ఒప్పుకున్నాను, మారుమనస్సు, అంటే పాపం విడిచి తిరగడం, అయిపోయింది అనుకుంటాం. మరి ఎవరి పొలం గట్టు జరిపావో, ఎవరి మీద లేనిపోనివి చెప్పి పెళ్లి సంబంధం చెడగొట్టావో ఆ మనిషి సంగతేంటి? ఆయన రెండు వరుసల వెనక కూర్చుని నీ సాక్ష్యం వింటున్నాడు కదా!

దావీదు ఎవరి భార్యను తీసుకుని, ఎవరిని యుద్ధంలో చంపించాడో ఆ ఊరియా, దావీదు ఆ మాట అనే నాటికే చచ్చిపోయాడు. వెళ్లి కాళ్లు పట్టుకుందామన్నా మనిషి లేడు. మనం బాధపెట్టినవాళ్లు చాలామంది బతికే ఉన్నారు, వాళ్ల నంబర్లు మన ఫోన్లోనే ఉన్నాయి.

లేవీయకాండం 6వ అధ్యాయం మొదటి ఏడు వచనాలు నెమ్మదిగా చదవండి. పొరుగువాణ్ణి మోసం చేసినవాడు తీసుకున్నది మొత్తం ఇచ్చేయాలి, దాని మీద అయిదో వంతు కలిపి ఇవ్వాలి, అదీ బలి అర్పించే రోజునే. పదివేలు ఎగ్గొడితే పన్నెండు వేలు. గొర్రెపోతుని తోలుకుని యాజకుడి దగ్గరికి వెళ్లే రోజే ఆ సొమ్ము సొంతదారుడి చేతికి చేరాలి. సంఖ్యాకాండం 5వ అధ్యాయం ఇంకో మెట్టు ఎక్కుతుంది: ఆ మనిషి తరఫున పుచ్చుకోవడానికి దగ్గరి బంధువు కూడా లేకపోతే, అప్పుడు మాత్రమే ఆ సొమ్ము యెహోవాకి, అంటే యాజకుడికి చెందుతుంది. వరుస చూశారా? ముందు ఆ మనిషి, తర్వాత అతని వాళ్లు, ఎవరూ లేకపోతేనే మందిరం. మనం దాన్ని తిరగేశాం. అన్నదమ్ముడి వాటా మింగి, మనసు కుదుటపడక, కానుక పెట్టెలో ఇంకొంచెం ఎక్కువ వేస్తున్నాం. అయ్యగారు ప్రార్థన చేస్తారు, తమ్ముడి పిల్లల ఫీజు మాత్రం అలాగే ఉండిపోతుంది.

"మనం ధర్మశాస్త్రం కింద లేం, కృపలో ఉన్నాం" అంటారు. మంచిది, సుంకం వసూలు చేసే జక్కయ్యని చూడండి. యేసుప్రభువు ఆయన్ని మేడిచెట్టు మీంచి దింపి, లెక్కలేవీ అడక్కుండా ఇంటికొచ్చాడు. కృప ముందే లోపలికొచ్చేసింది. అప్పుడు జక్కయ్య, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. తనంతట తాను ఒప్పుకున్నవాడికి అయిదో వంతు కలిపితే సరిపోయేది. నాలుగంతలు అన్నది నిర్గమకాండం 22లో గొర్రెను దొంగిలించి కోసుకున్నవాడికో, అమ్ముకున్నవాడికో వేసిన శిక్ష. జక్కయ్య ఆ దొంగకి వేసిన లెక్క తనకే వేసుకున్నాడు, పైగా సగం ఆస్తి బీదలకి! కృప రుచి చూసినవాడి చెయ్యి అలా తెరుచుకుంటుంది. "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అని ప్రభువన్నది ఈ మాట విన్నాకే.

డబ్బు తిరిగిచ్చేస్తే చాలని కూడా కాదు. ప్రభువుని పట్టించిన ఇస్కరియోతు యూదా తను పుచ్చుకున్న ముప్పది వెండి నాణెములు తిరిగిచ్చాడు, కానీ ప్రభువు దగ్గరికి రాలేదు. ఆయన్ని ఎరగనని బొంకిన పేతురు సముద్రంలో దూకి మరీ ఆయన దగ్గరికి వచ్చాడు. రెండూ కావాలండీ.

మా అమ్మ చీటీలు వేసే రోజుల్లో ఒకాయన పాట పాడుకుని, కిస్తీలు కట్టడం మానేశాడు. అమ్మ గాజులు తాకట్టు పెట్టి మిగతావాళ్లకి సర్దింది. కొన్నేళ్లకి ఒక పొద్దున్న ఆయన వచ్చాడు. అమ్మ అరుగు మీద కందిపప్పు చెరుగుతోంది. క్యారీ బ్యాగులోంచి రబ్బరు బ్యాండు వేసిన నోట్లకట్ట తీశాడు, ఏ నెల ఎంత ఎగ్గొట్టాడో రాసుకున్న కాగితం దాని మీద పెట్టాడు. "అక్కా, ఇది అసలు. ఇది పైన. నా వల్ల మీ గాజులు పోయాయి" అన్నాడు. అమ్మ చేటలో చెయ్యి ఆపేసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "కూర్చో తమ్ముడూ, టీ తాగి వెళ్దువుగాని" అంది. మారుమనస్సు మీద నేను విన్న ప్రసంగాలన్నీ ఒక ఎత్తు, ఆ గాజుల మాట ఒక ఎత్తు. తను తీసుకున్నదే కాదు, ఆమె పోగొట్టుకున్నది కూడా ఆయనకి తెలుసు.

అందుకే చెబుతున్నాను, "ఏమైనా తప్పు చేసుంటే క్షమించండి" అని గుడ్ ఫ్రైడే ముందు రోజు అందరికీ ఒకే మెసేజ్ ఫార్వర్డ్ చేయకండి. ఒక్క మనిషి దగ్గరికి వెళ్లండి. చేసిన పని పేరు పెట్టి చెప్పండి. డబ్బయితే లెక్క రాసుకుని వెళ్లండి, ఒకేసారి ఇవ్వలేకపోతే నెలకింతని చెప్పి మొదటి నెలది చేతిలో పెట్టండి. నింద వేసి ఉంటే, ఎవరెవరి దగ్గర అన్నారో వాళ్లందరి దగ్గరికీ వెళ్లి అది అబద్ధమని చెప్పండి. వాళ్లు తలుపు తీయకపోవచ్చు, నాలుగు మాటలు అనొచ్చు కూడా. పడండి, మళ్లీ వెళ్లండి. బలిపీఠం దగ్గర అర్పణం వదిలి ముందు సహోదరునితో సమాధానపడమన్నది ప్రభువే కదా. ఈ ఆదివారం రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లేలోపు ఆ ఫోన్ చేయండి.