థ్యాంక్యూ అన్నవారికి ఏమని బదులివ్వాలి?

వేర్వేరు దేశాల వారితో కలిసి పనిచేస్తున్నందువల్ల, ఎవరైనా ఇంగ్లీషులో ధన్యవాదాలు చెప్పినప్పుడు ఎదుటివారు ఏమని బదులిస్తున్నారో శ్రద్ధగా గమనించే అలవాటు నాకు ఏర్పడింది. అందరూ మొదట నేర్చుకునే ‘యు ఆర్ వెల్‌కమ్’ ఎక్కడైనా చెల్లే మర్యాదైన మాటే కానీ, దగ్గరి స్నేహితుల మధ్య అది కొంత బిగుసుకున్నట్టు వినిపిస్తుంది. అక్కడ ‘ఎనీటైమ్’, ‘షూర్’ వంటివి తేలికగా దొర్లుతాయి. ఆస్ట్రేలియా వారికి బాగా అలవాటైన ‘నో వరీస్’ ఇప్పుడు బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ వినిపిస్తోంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ‘నో ప్రాబ్లమ్’. పెద్ద వయసు వారిలో కొందరికి, ముఖ్యంగా డబ్బు చెల్లించి సేవ పొందిన చోట, అది రుచించదు. తమ పని ఎదుటివారికి ఇబ్బందై ఉండవచ్చని ఆ మాట సూచిస్తున్నట్టు వారికి తోస్తుంది. చిన్నవారి ఉద్దేశం మాత్రం పూర్తిగా వేరు: మీరు మొహమాటపడవలసిన అవసరం లేదని భరోసా ఇవ్వడమే. ఇద్దరిదీ మర్యాదే కనుక ఎవరినీ తప్పుపట్టలేను. అయినా కొత్తవారికి, పై అధికారులకు, వినియోగదారులకు రాసేటప్పుడు ‘మై ప్లెజర్’ లేదా ‘గ్లాడ్ టు హెల్ప్’ అనడమే మేలని నా అభిప్రాయం. ‘నాట్ ఎట్ ఆల్’ కూడా మర్యాదైనదే, కాస్త బ్రిటిష్ ఛాయ ఉంటుంది.

ఇద్దరూ సమానంగా శ్రమించిన పనికైతే, ‘థ్యాంక్ యూ’ అని చివరి పదాన్ని ఒత్తి పలికి కృతజ్ఞతను తిరిగి అందించడం నాకు అన్నిటికంటే నచ్చుతుంది. ఆ ఒత్తిడి రాతలో వినిపించదు కనుక, మెయిల్‌లో మాత్రం వారు చేసిన సాయమేమిటో పేర్కొంటూ ఒక వాక్యం చేరుస్తాను.