మద్రాసు బండికి ముందు ఆర్ములు

కారు ముందు చక్రాలను ఛాసిస్‌కు, అంటే బండి చట్రానికి, పట్టి ఉంచే ఆర్ములు విప్పడం ఎవరైనా చేస్తారు, తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఓపిగ్గా కూర్చుంటే వచ్చేస్తాయి. తిరిగి ఎక్కించేటప్పుడే మెకానిక్ ఎవరో తెలుస్తుంది. మొన్న మా షెడ్డుకు స్టాండర్డ్ హెరాల్డ్ అనే పాత కారు ఒకటి వచ్చింది, దాని పని గురించి రాయాలనిపించింది.

నాది కావలి. లారీ షెడ్డులో పని నేర్చుకున్నాను. లారీకి ముందు పక్క ఒకటే యాక్సిల్, దాని మీద కమాన్ కట్టలు, బరువు పనే గానీ తికమక ఉండదు. చెన్నై వచ్చి అంబత్తూరులో పాత కార్ల షెడ్డులో చేరాకే, పైన ఒక ఆర్ము, కింద ఒక ఆర్ము, మధ్యలో స్ప్రింగు, ఏ చక్రానికి ఆ చక్రం విడిగా లేచి పడే ఏర్పాటును చేత్తో పట్టుకుని చూశాను. నేర్పింది మా మేస్త్రి. తమిళాయన. అప్పట్లో నాకు వచ్చిన తమిళం టీ, సాపాటు, బస్సు వరకే. ఆయన చేసి చూపించేవాడు, నేను చూసి చేసేవాణ్ణి, తేడాగా స్పానర్ పట్టుకుంటే "తంబీ" అని ఒక్క పిలుపు, అంతే, చెయ్యి ఆగిపోయేది. అంత ఓపిక ఉన్న మనిషి దగ్గర పని దొరకడం నా అదృష్టం.

హెరాల్డ్ ఈ ఊరి బండే. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌ను 1961 నుంచి స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు మద్రాసులో తయారుచేశారు. నాలుగు తలుపుల హెరాల్డ్ అయితే మన దేశంలో తప్ప ఎక్కడా లేదు. ఆ ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది గానీ బళ్లు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి.

బండి ఓనరు గారు తెలుగువారే. తాతల కాలంలో మద్రాసు చేరిన కుటుంబం, పురసవాక్కంలో ఇల్లు, తెలుగు చక్కగా మాట్లాడతారు, చదవడం మాత్రం రాదు. నా మాట వినగానే "ఏం నాయనా, నెల్లూరు పక్కా?" అన్నారు. వాళ్ల నాన్నగారు కొన్న కారు అది. ఇంతకుముందు వేరే షెడ్డులో ఆర్ముల బుష్షులన్నీ, అంటే ఆర్ము ఆడే చోట ఉండే రబ్బరు ముక్కలు, కొత్తవి వేశారట, కొన్నాళ్లకే గుంట తగిలినప్పుడల్లా టక్కు టక్కుమని చప్పుడు. విప్పి చూస్తే రబ్బరు చీలిపోయి ఉంది. బుష్షులు నాసిరకం కాదు, బిగించిన తీరే తప్పు.

బుష్షులో లోపల ఇనుప గొట్టం, దాని చుట్టూ రబ్బరు, బయట ఆర్ము. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బ్రాకెట్టుకు పట్టేస్తుంది. ఇక ఆర్ము పైకీ కిందికీ ఆడిన ప్రతిసారీ రబ్బరు మెలిపడి మళ్లీ విచ్చుకోవాలి, జారడానికి వీల్లేదు. బండి జాకీ మీద ఉండి చక్రం వేలాడుతున్నప్పుడే బిగించేశారనుకోండి, బండి కిందికి దిగిన క్షణం నుంచి ఊరికే నిలబడి ఉన్నా రబ్బరు మెలిక మీదే ఉంటుంది, ముందు భాగం కూడా కాస్త ఎత్తుగా కనిపిస్తుంది. చాలామంది దీన్ని పట్టించుకోరు. బండి దింపాక కిందికి దూరి బిగించడం కష్టం కదా, అందుకని.

మేము మళ్లీ కొత్త బుష్షులు తెప్పించాం. నా రూమ్మేట్ ఒంగోలు అబ్బాయి, లేత్ పని. బుష్షులు వంకర పోకుండా నొక్కడానికి సరిగ్గా కొలతకు ఒక గొట్టం కోసి ఇచ్చాడు. రబ్బరుకు గ్రీజు రాయకూడదు, పాడవుతుంది, సబ్బు నీళ్లు చాలు. కింది ఆర్ము బ్రాకెట్ల వెనక, ఛాసిస్‌కు ఆనుకుని షిమ్ములనే పల్చటి రేకు ముక్కలు ఉంటాయి, చక్రం నిలువు వాలు వాటి మీదే ఆధారపడుతుంది, అందుకే విప్పినప్పుడే ఏ వైపువి ఆ వైపుకు తీగతో కట్టి పేరు రాసి పెట్టాం. బోల్టులన్నీ చేతితో తిరిగేంత వదులుగా పెట్టి, చక్రాలు వేసి, బండి నేల మీదికి దింపి, బండి ముందు భాగాన్ని నాలుగైదు సార్లు నొక్కి వదిలి, సీట్లలో ఇద్దరిని కూర్చోబెట్టాక అప్పుడు కింద పడుకుని బిగించాను.

మా అమ్మ ఫోన్లో ఎప్పుడూ అడిగేది ఒకటే, ఇన్నేళ్లు నేర్చుకున్నావు, కావలిలోనే షెడ్డు పెట్టుకోరాదా అని. పెట్టుకోవచ్చు, లారీలకు కొదవ లేదు. కానీ ఇలాంటి బళ్లు, వాటికోసం డబ్బూ టైమూ పెట్టే మనుషులు, పుదుపేటలో గంటల తరబడి వెతికితే దొరికే పాత సామాను, ఇవన్నీ ఇక్కడే ఉన్నాయి. నాకు ఈ పని ఇష్టం. అమ్మకు ఇంకా సరిగా చెప్పలేకపోతున్నాను.

హెరాల్డ్ ఉన్నవాళ్లెవరైనా చదువుతుంటే ఇంకొక్క మాట. కింది ఆర్ము చివర ట్రనియన్ అని కంచు ముక్క ఉంటుంది, చక్రాన్ని మోసే నిలువు లింకు మర దాంట్లోనే తిరుగుతుంది. దానికి గ్రీజు కొట్టించకండి, గేర్ ఆయిల్ 90 పెట్టించండి. ఎండిపోయి తుప్పు పడితే లింకు విరిగి చక్రం పడిపోతుంది. కుడి ఎడమలకు మర వేరువేరుగా ఉంటుంది, తారుమారు కానివ్వకండి. ట్రనియన్ ఎక్కించేటప్పుడు మరను చివరిదాకా తిప్పి, స్టీరింగ్ పూర్తిగా మళ్లేంత వెనక్కి విప్పాలి, ఎందుకంటే ఈ కారు 25 అడుగుల్లో తిరిగే బండి, ఆ ముందు చక్రాలు మళ్లినంతగా మామూలు కార్లవి మళ్లవు. ఓనరు గారికి ఇదంతా చెబితే చిన్న డైరీ తీసి తమిళంలో రాసుకున్నారు, తర్వాతి సర్వీసుకు ఆ ఆయిల్ ఆయనే కొని తెస్తానన్నారు.