కత్తి పడకముందే

మా ఊరు దేవరకొండ దగ్గర. వానలు మొదలైన వారానికి మా మామ మందలో, ముందురోజు సాయంత్రం దాకా బాగా మేసిన గొర్రె తెల్లారేసరికి చచ్చి పడి ఉంది. పొట్ట ఉబ్బిపోయింది, ముక్కు నుంచి నల్లటి నెత్తురు గడ్డకట్టకుండా జారుతోంది. మామ అప్పటికే కత్తి నూరుతున్నాడు. "కోసి పోగులేస్తే కొన్ని పైసలన్న ఒస్తయి గద అల్లుడా, ఉత్తగ పారేస్తమా?" అన్నాడు. అది దురాశ కాదు, నష్టపోయిన మనిషి లెక్క. అయినా బతిమాలి ఆపాను.

ఎందుకంటే ఆ లక్షణాలు ఆంత్రాక్స్‌వి, అంటే మన పశుపోషకులు దొమ్మరోగం అనేదానివి, కావచ్చు. కోయని కళేబరంలో ఆ బ్యాక్టీరియా కుళ్లుతోపాటే చాలావరకు నశిస్తుంది. కత్తి పడి నెత్తురుకు గాలి తగిలితే మాత్రం అది గట్టి పెంకు కట్టుకుని స్పోర్‌గా మారుతుంది. ఈ మార్పును జర్మన్ వైద్య శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ 1876లోనే వివరించాడు. స్పోర్లు నేలలో దశాబ్దాలు బతుకుతాయి: 1942లో బ్రిటన్ ఆంత్రాక్స్ ప్రయోగాలు చేసిన గ్రుయినార్డ్ దీవిని, మట్టిని శుద్ధి చేశాక, 1990లో గానీ సురక్షితమని ప్రకటించలేదు.

"మంచిగ ఉడకబెడితే ఏం గాదు" అన్న మాట ఇక్కడే దెబ్బతింటుంది. మామూలు వంట వేడికి స్పోర్లన్నీ చస్తాయన్న భరోసా లేదు, ఎండబెట్టి వరుగులు చేసినా అవి చావవు. పైగా కూర పొయ్యి ఎక్కేలోపే కోసిన చేతి గాటులోంచి రోగం చర్మానికి పట్టవచ్చు. మనుషుల్లో ఎక్కువగా కనిపించేది ఆ రకమే.

తిన్నవారిలో సాధారణంగా ఒకటి నుంచి ఏడు రోజుల్లో జ్వరం, వాంతులు, కడుపునొప్పి మొదలవుతాయి. ఇంట్లోవాళ్లు తిన్నది పడలేదనుకుంటారు, విలువైన సమయం అలా పోతుంది. తరువాత నెత్తుటి వాంతులు, నెత్తుటి విరేచనాలు, పొట్టలో నీరు చేరడం కనిపించవచ్చు. కొందరికి గొంతులో పుండ్లు పడి, మెడ వాచి, మింగుడు పడదు; 1982లో థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో కలుషిత మాంసం వల్ల 24 మందికి ఇలా గొంతుకే సోకింది. యాంటీబయాటిక్స్ తొందరగా మొదలుపెడితే ప్రాణం నిలిచే అవకాశం బాగా పెరుగుతుంది. అందుకే డాక్టరుకు చెప్పాల్సిన మొదటి మాట, సిగ్గుపడకుండా, "చచ్చిన జీవం కూర తిన్నాం" అన్నదే.

ఆ రోజు పశువైద్యుడు వచ్చి, గొర్రెను కోయనివ్వకుండా చెవి నరం నుంచి ఒక్క చుక్క నెత్తురు తీసి గాజుపలక మీద రాశారు. తోలు ఒలవకుండానే లోతైన గొయ్యిలో పాతిపెట్టించి, మిగతా మందకు టీకాల సంగతి మాట్లాడారు. చచ్చిన జీవానికి ఆ పూటే పరిహారం చేతికందితే ఇన్ని కత్తులు లేవవని నా నమ్మకం. మామకు ఆ గొర్రె ఖరీదు ఎవరూ ఇవ్వలేదు. అయినా ఆయన గొయ్యి మీద తుమ్మకంప కప్పి, మందను అటు మేపడం మానేశాడు.