తాతయ్య పద్యాలకు అరవై సీడీలు: నా అనుభవం

2006లో తాతయ్య సంవత్సరికానికి ఆయన పాడిన నాటక పద్యాలను సీడీ చేసి బంధువులకు పంచుదామనుకున్నాం. క్యాసెట్ల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించే పని గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లోనే అయిపోయింది. కావలసింది అరవై కాపీలు.

విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక షాపులో అడిగితే, "అరవైకి ఎవరూ ప్రెస్ చేయరు బాబూ, వెయ్యైనా ఉండాలి" అన్నాడాయన. ఎందుకో ఆయనే చెప్పాడు. ఫ్యాక్టరీలో సీడీని రాయరు, అచ్చు పోస్తారు. ముందు పూత పూసిన గాజు పలక మీద లేజర్‌తో పాటను మోసే సన్నటి గుంటలు పడేలా చేసి, దానిపై నికెల్ పొర పెంచి అచ్చు తీస్తారు. కరిగిన పాలికార్బొనేట్ ప్లాస్టిక్‌ను ఆ అచ్చుకు ఒత్తితే కొద్ది సెకన్లలో బిళ్ల తయారు. ఆపైన పలచటి అల్యూమినియం, దాని మీద లక్కర్ పూత. వినాయక చవితి బొమ్మల లెక్కే: ఖర్చంతా అచ్చు చేయించడంలోనే.

ఇక ఇంట్లోనే రాయడం మొదలుపెట్టాను. 52 స్పీడులో పది లాగించేసరికి బాబాయి ఫోను: "ఏరా, మీ తాత నా కార్లో నోరు మెదపట్లేదు!" మనం రాసే ఖాళీ సీడీలో గుంటలుండవు. రంగు పొర ఉంటుంది, లేజర్ వేడికి అది అక్కడక్కడా మారుతుంది. ప్లేయర్ ఆ మచ్చల్నే గుంటలనుకుని చదవాలి. పాత ప్లేయర్లు అంత తేలిగ్గా మోసపోవు. మచ్చలు ఇంకా స్పష్టంగా పడాలని 16 స్పీడుకు తగ్గించి రాసిస్తే బాబాయి కార్లో పాడింది.

ఇంకో తలనొప్పి: పద్యం చివరి రాగాన్ని నేను వేరే ట్రాక్ చేశాను. సరిగ్గా అక్కడ రెండు సెకన్లు నిశ్శబ్దం! నాటకం తెలిసినవాళ్లు వింటే తిడతారు. ఒక్కో ట్రాక్‌ను విడిగా రాసే 'ట్రాక్ ఎట్ వన్స్' తీసేసి, సీడీ మొత్తాన్ని ఆపకుండా ఒకేసారి రాసే 'డిస్క్ ఎట్ వన్స్' పెట్టాక అతుక్కుంది. ఒక్కోటి ఆరు నిమిషాలు, రాత్రంతా జాగారమే.

బాబాయి తన సీడీని కారు అద్దం ముందే పడేశాడు. అందులోని రంగు పొరకు ఎండ పడదు, పైగా మన గుంటూరు ఎండ. రెండు వేసవులకే మూగబోయింది. పక్కనే పడి ఉన్న, ఫ్యాక్టరీలో అచ్చుపోసిన సీడీ గీతలతోనే పాడుతోంది. పిన్ని బీరువాలో దాచినది మాత్రం ఇప్పటికీ బాగుంది.

మొన్న బాబాయి ఇంకోటి రాసిమ్మన్నాడు. నా ల్యాప్‌టాప్‌లో సీడీ డ్రైవే లేదు, పెన్‌డ్రైవ్‌లో వేసిస్తానన్నాను. ఆయన కార్లో దాన్ని పెట్టడానికి చోటు లేదట.