మొక్కు తీరినంక

"పెద్దపేగే తీసేసినంక ఇంకేం రోగముంటది?" అని మా అమ్మ చుట్టాలకు ఎన్నిసార్లు చెప్పిందో. నేనూ అదే నమ్మాను.

అంతకుముందు ఏడేళ్లు అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపల వాచి, పుండ్లుపడి రక్తం పోయే రోగం. వరంగల్ చౌరస్తా దగ్గర మా బట్టల దుకాణానికి బాత్రూం లేదు. ఏ హోటలాయన తాళంచెవి ఇస్తాడో, ఏ కాంప్లెక్సులో నల్లా రాదో నాకు నోటికొచ్చు. స్టిరాయిడ్లకు ముఖం ఉబ్బింది కానీ రక్తం ఆగలేదు. చివరికి 2023లో హైదరాబాద్‌లో ఆపరేషన్. పెద్దపేగు మొత్తం తీసేసి, చిన్నపేగు కొసను జె అక్షరంలా మడిచి సంచిలా కుట్టారు. పౌచ్ అంటారు దాన్ని. అది మానేదాకా మూడు నెలలు పొట్ట మీద బ్యాగు. ఆ రోజుల గురించి ఎక్కువ చెప్పను. ఉప్పేసిన సల్ల తాగుడు, పెండ్లిళ్లు ఎగ్గొట్టుడు, అంతే.

బ్యాగు తీశాక రోజుకు ఆరుసార్లు వెళ్లేవాణ్ని. పౌచ్ ఉన్నవాళ్లకు అది మామూలే. 2024 ఫిబ్రవరిలో మేడారం పోయి, గద్దెల దగ్గర క్యూలో ధైర్యంగా నిలబడ్డాను. అమ్మ మొక్కుకున్న నిలువెత్తు బంగారం యాభై రెండు కిలోలు తూగింది. "వచ్చే జాతర దాకా ఆగితే బెల్లం ఇంకా ఎక్కువ పట్టేది, ఇప్పుడే తీర్చెయ్" అన్నాడు మా బావ.

సద్దుల బతుకమ్మ ముందు ఒక రాత్రి నిద్రలోనే పక్క తడిసింది. ఆరు పన్నెండైంది, తర్వాత పదిహేను. పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి, సాయంత్రానికి జ్వరం. ఎవరికీ చెప్పలేదు. బెల్లం పంచిన అమ్మకు ఏమని చెప్పాలి? నా భార్య అడిగితే "ఏడు" అన్నాను. పదో రోజు పట్టేసింది. "ఏడుసార్లు పోయెటోళ్లు పొద్దుగాల్ల లేచి దుప్పటెందుకు పిండుతున్నరు?"

కాజీపేటలో రైలెక్కాం. బస్సయితే జనగామ దాకా ఆగలేను. కెమెరా గొట్టం పెట్టి చూసే స్కోపీలో పౌచ్ లోపలంతా ఎర్రగా వాచి, చిన్న చిన్న పుండ్లు. పౌచైటిస్ అన్నారు. ఈ ఆపరేషనైన కొలైటిస్ వాళ్లలో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుందట. పౌచ్‌లో నిలవుండే బ్యాక్టీరియా మీద ఒళ్లు తిరగబడుతుందని అనుకుంటున్నారు, కచ్చితమైన కారణం మాత్రం తేలలేదట. సగం మందికి వచ్చేదాన్ని నేను నా ఒక్కడి తప్పులా పది రోజులు దాచాను!

బ్యాక్టీరియాను చంపే మందు మెట్రోనిడజోల్ ఇచ్చారు. అది వేసుకుంటే నోరంతా రాగిచెంబు నాకినట్టు ఉండేది, అన్నం సయించలేదు. అలాంటిదే ఇంకో మందు సిప్రోఫ్లాక్సాసిన్‌కు మార్చి రెండు వారాలు వాడమన్నారు. నాలుగో రోజుకే పదిహేను తొమ్మిదికి దిగింది. ఐదు నెలలకు మళ్లీ వచ్చింది. ఈసారి రెండో రోజే డాక్టరుకు ఫోన్ చేశాను.

అమ్మకూ అప్పుడే చెప్పాను. ఏడుస్తుందనుకున్నా. కాసేపు ఆలోచించి, "సమ్మక్కకు మనం పెద్దపేగు సంగతే మొక్కినం గద బిడ్డా, ఈ సంచి ముచ్చట ఆమెకు చెప్పనేపోతిమి" అంది. ఐనవోలు మల్లన్నకు పట్నం వేయిస్తానని అక్కడికక్కడే మొక్కేసింది.