పాల లెక్క

ఆదివారం. పొద్దున్నే కాఫీ గ్లాసుతో కూర్చుని ఎంఐటీ వారి ‘బ్లాక్‌చెయిన్ అండ్ మనీ’ కోర్సులో మూడో పాఠం పెట్టుకున్నాను. బ్లాక్‌చెయిన్ అంటే చాలా కంప్యూటర్లలో ఒకేలా ఉండే లెక్కల పుస్తకం; అందులో బ్లాకులనే పేజీలు గొలుసులా ముడిపడి ఉంటాయి. 2018లో గ్యారీ గెన్స్‌లర్ తరగతి గదిలో చెప్పిన పాఠాలివి. పైసా ఖర్చు లేకుండా ఎవరైనా చూడవచ్చు. ఇంత ఓపికగా పాఠం చెప్పిన ఈయనే 2021లో అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థకు అధిపతై, క్రిప్టో (బిట్‌కాయిన్‌లాంటి డిజిటల్ డబ్బు) కంపెనీల మీద వరసగా కేసులు పెట్టించాడు.

ఇవి ఊరికే దొరుకుతాయని తెలియక నిరుడు ఒక ఆన్‌లైన్ సంస్థకు 12 వేలు సమర్పించుకున్నాను. ఆరు వారాలూ ఏ కాయిన్ ఎప్పుడు కొనాలన్న గోలే. లాభం మీద 30 శాతం పన్ను, అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ 2022 నుంచీ ఉన్నాయన్న సంగతి ఆఖరి వారం ఎవరో అడిగితే గానీ బయటికి రాలేదు. చివర్లో బంగారు అంచు సర్టిఫికెట్ ఇచ్చారు. అందులో నా ఇంటిపేరు తప్పు.

ఈరోజు పాఠంలో హాష్ గురించి చెప్పాడు. ఎంత రాతనైనా ఒకే పొడవున్న వరుసగా మార్చే లెక్క అది; రాతలో ఒక్క గుర్తు మారినా వరుసంతా మారిపోతుందట. వింటే నమ్మకం కుదరలేదు. కంప్యూటర్‌లో ఎస్‌హెచ్‌ఏ-256 అనే హాష్ పద్ధతి తెరిచి ‘అమ్మ’ అని కొట్టాను. అంకెలూ ఇంగ్లిషు అక్షరాలూ కలిపి 64 వచ్చాయి. మకారం కింది వత్తు తీసేసి ‘అమ’ అని కొట్టాను. మళ్ళీ 64, కానీ మొదటి వరుసకూ దీనికీ పోలికే లేదు. ఒక్క వత్తుకే ఇంత! ప్రతి బ్లాకులోనూ దాని ముందు బ్లాకు హాష్ ఉంటుంది కాబట్టి, పాత లెక్కలో ఒక్క సున్నా దిద్దినా అక్కడి నుంచి గొలుసంతా తెగుతుంది.

ఆ ఆనందంలో ఉండగానే గుమ్మం దగ్గర నుంచి అమ్మ కేక. “పాల రత్తమ్మ వచ్చింది, ఆ క్యాలెండర్ ఇలా పట్టుకురా.”

రత్తమ్మ చిట్టిపుస్తకంలో 28 రోజులు. మా క్యాలెండర్‌లో టిక్కులు 26. ఒకే లెక్కకు రెండు ప్రతులు, రెండూ నిజాయితీగా రాసినవే!

“పదకొండో తారీకున మీరు ఊరెళ్ళారు కదమ్మా, పక్కింట్లో పోయమన్నారు” అంది రత్తమ్మ.

అమ్మకు గుర్తొచ్చింది. ఆ పాలు పక్కింటి పిన్నిగారు తోడుపెట్టి మాకు పెరుగు చేసి ఇచ్చారు. టిక్కు పెట్టేవాళ్ళు మాత్రం ఇంట్లో లేరు. రెండో రోజు సంగతి ఎంతసేపటికీ తేలలేదు. “మీరెంతంటే అంతే లెండి” అని రత్తమ్మ 27 రోజుల డబ్బులు కొంగున ముడివేసుకుని వెళ్ళిపోయింది.

అమ్మ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో 27 అని వేసింది. పక్కనే పెన్ను ఉండగా పెన్సిలెందుకని అడిగాను.

“ఆ రెండో రోజు గుర్తొస్తే దిద్దుకోవద్దూ?”