ఆదివారం డైరీ: ఎక్కుడు సరే, బాట ఎవరు వేశారు?

ఆదివారం, విశాఖపట్నం.

రాత్రంతా వాన, తెల్లారేసరికి తెరిపిచ్చింది. సింహాచలం కొండల వైపు పరుగు అయ్యాక మధ్యాహ్నమంతా షూ కడగడంతోనే సరిపోయింది. సోల్ పళ్ళ మధ్య ఎర్రమట్టి, ఆ మట్టిలో ముదురు ఎరుపు గింజలు. అవి గార్నెట్ అనే గట్టి ఖనిజం పలుకులు. ఈ కొండల రాయి ఖొండలైట్, ఖోండు గిరిజనుల పేరు మీద వచ్చిన పేరు. సుమారు వంద కోట్ల ఏళ్ళ కిందటి వేడికీ ఒత్తిడికీ రూపు మారిన రాయి, ఎండకీ వానకీ పొడిపొడిగా రాలుతుంది. క్వార్ట్జ్, గార్నెట్ మాత్రం అరగవు కాబట్టి బాట మీదే మిగిలిపోతాయి. భీమిలి ఇసుకలో కనిపించే గార్నెట్ కూడా ఈ కొండల్లోంచి వాగులు మోసుకెళ్ళినదే.

సాయంత్రం ఒక మిత్రుడి మెసేజ్. పుణె దగ్గర సహ్యాద్రిలో, అంటే పడమటి కనుమల్లో, 25 కి.మీ. పరుగుకి పేరిచ్చాడు, ఎక్కుడు (మొత్తం మీద పైకి ఎక్కాల్సిన ఎత్తు) 1,200 మీటర్లు. "ఇక్కడ పదే పదే పైకి కిందకి కొడితే అంతే ఎక్కుడు కదా గురూ, ఆ ప్రాక్టీసు చాలదా?" అని. ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

ట్రైల్ పరుగుల్లో, అంటే కొండ బాటల పరుగుల్లో, అందరూ వాడే లెక్క ఒకటుంది. దూరం కిలోమీటర్లలో వేసుకుని, ఎక్కే ప్రతి 100 మీటర్లకీ ఒక కిలోమీటరు కలపడం. మిత్రుడి పరుగు 25కి 12 కలిపితే 37. ఆల్ప్స్‌లో షమోనీ నుంచి మొదలై మోఁ బ్లాఁ కొండ చుట్టూ తిరిగే యూటీఎంబీ అనే పరుగు సుమారు 170 కి.మీ., 10,000 మీటర్ల ఎక్కుడు, కాబట్టి 270. ఊపిరి ఎంత ఖర్చవుతుందో ఈ లెక్క బాగానే చెబుతుంది. కాలు నిలుస్తుందా లేదా అన్నది మాత్రం అందులో లేదు. దానికి రెండు ప్రశ్నలు వేరేగా అడగాలి: ఇది ఏ రాయి, ఎలా విరుగుతుంది? ఈ బాట ఎవరి కోసం పడింది?

మన తూర్పు కనుమల్లో బాట ఎక్కువగా పశువులదీ, సంతకి నడిచే మన్యం జనానిదీ. నెత్తిన బరువున్న మనిషి దగ్గర దారి చూసుకుంటాడు, అందుకే బాట వాలుకి అడ్డంగా మెలికలు తిరగదు, నేరుగా పైకి పోతుంది. ఎక్కేటప్పుడు పిక్కలు లాగేస్తాయి, అదంత పెద్ద సంగతి కాదు. ఇబ్బంది దిగేటప్పుడు. కింద గట్టి ఎర్రమట్టి, పైన వదులు పలుకులు, దారంతా రాగులు ఆరబోసినట్టు. మడమతో బ్రేకు వేస్తే పలుకులు దొర్లుతాయి, కాలు ముందుకి జారి మనిషి వెనక్కి కూర్చుంటాడు. భయంతో వెనక్కి వాలితే ఇంకా త్వరగా పడతాడు, ఎందుకంటే బరువు పాదం మీంచి తప్పిపోతుంది. మోకాళ్ళు కొంచెం వంచి, నడుము పాదాల పైనే ఉంచి, నిమిషానికి 170-180 పొట్టి అడుగులు వేయాలి. పాదం మొత్తం ఒకేసారి ఆనాలి. ఈ నేలకి 4 మి.మీ. లోతు పళ్ళు, దగ్గర దగ్గరగా ఉన్నవి చాలు. అంతకన్నా ముఖ్యం చీలమండ దగ్గర షూ పై అంచుని కప్పే బట్ట తొడుగులు, గెయిటర్లు. లోపలికి దూరిన పలుకు ఐదు కిలోమీటర్లలో బొబ్బ తెప్పిస్తుంది. నలుగురిలో ముగ్గురు వాటిని అనవసరపు ఖర్చు అనుకుంటారు, నా దృష్టిలో పరుగులో శక్తి కోసం తినే జెల్ ప్యాకెట్ల కన్నా అవే ముందు.

అరకు, అనంతగిరి వైపు వెళితే ఇదే తూర్పు కనుమల్లో నేల మారిపోతుంది. కాఫీ తోటల నీడ, ఆకులు మెత్తగా పరిచిన మట్టి. మోకాళ్ళకి హాయి, కానీ ఆకుల కింద దాక్కున్న వేరు కనిపించదు. చూపు కాలి ముందు కాకుండా నాలుగైదు మీటర్ల దూరంలో ఉండాలి.

దక్షిణాన శేషాచలం మళ్ళీ వేరు. అక్కడ క్వార్ట్జైట్, పొడిగా రాలదు, పలకలుగా చీలి పదునైన అంచులతో విరుగుతుంది. షూ పక్క బట్ట కోసుకుపోయేది అక్కడే. ముందు భాగంలో గట్టి పలక ఉన్న షూ లేకపోతే అరికాలు నొచ్చుతుంది. అలిపిరి మెట్లు 3,550, శ్రీవారి మెట్టు 2,388. కొందరు వాటిని సాధనకి చూస్తారు గానీ అది భక్తుల దారి, నడవడం వరకే మర్యాద. లోపలి అడవి దారులు ఎర్రచందనం ఉన్న రక్షిత అడవి, అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. నల్లమల పులుల అభయారణ్యం, అక్కడ ఒంటరి పరుగు అన్న ఆలోచనే వద్దు. పరుగెత్తేదాన్ని చూస్తే వెంటపడటం పెద్ద పిల్లి స్వభావం.

ఇక మిత్రుడు వెళ్ళే సహ్యాద్రి. మన గోదావరి, కృష్ణ పుట్టింది ఆ కొండల్లోనే, అయినా రాయి మన రాయికి చుట్టం కాదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పొరలు పొరలుగా పారి గడ్డకట్టిన లావా, నల్లని బసాల్ట్. గట్టి పొర నిలువు గోడలా నిలుస్తుంది, మధ్యలో బుడగలున్న మెత్తటి పొర అరిగి చదును అరుగవుతుంది. అందుకని అక్కడ ఎక్కుడు ఒకే తీరుగా ఉండదు. కాసేపు హాయిగా పరుగెత్తే అరుగు, ఆ వెంటనే చేతులు కూడా ఆనించాల్సిన నిట్టనిలువు, మళ్ళీ అరుగు. 1,646 మీటర్ల కల్సుబాయి మీద అలాంటి చోట్ల ఇనుప నిచ్చెనలే పెట్టారు. సగటు వాలు చూసి వేగం లెక్కేస్తే మొత్తం తప్పుతుంది. అరుగు మీద వేగం వేరే, గోడ మీద వేగం వేరే రాసుకోవాలి. పడమటి వైపు కొంకణానికి కొండ తెగిపడినట్టు దిగుతుంది, తూర్పు వైపు మెల్లగా సర్దుకుంటుంది. మ్యాపులో ఏ వైపు దిగుతున్నామో ముందే చూడాలి.

బాట ఎవరిది? అక్కడ కోటల వాళ్ళది. సింహగడ్, రాజగడ్, తోరణ లాంటి కోటలకి శత్రువు సులువుగా ఎక్కకూడదనే దారులు వేశారు. ఇరుకు అంచు, ఎత్తు తేడాగా చెక్కిన మెట్లు, మలుపులో తలుపు. లయ పట్టుకుని పరుగెత్తే వీలు అక్కడ తక్కువ.

వానాకాలం తడి బసాల్ట్ మీద పాచి పడుతుంది. బురద కోసం కొన్న 6 మి.మీ. పళ్ళ షూ దాని మీద మరీ జారుతుంది, ఎందుకంటే రాతిని తాకే రబ్బరు తక్కువ. అక్కడ పనికొచ్చేది మెత్తటి రబ్బరు, పొట్టి పళ్ళు. వానలు తగ్గాక అక్టోబరు నుంచి మరో చిక్కు: ఎండిన గడ్డి కింద వదులు గులకరాళ్ళు. పైకి గట్టి నేలలా కనిపిస్తుంది, కాలు పెడితే గడ్డితో సహా కదులుతుంది. గడ్డి లేని చోట, రాయి బయటపడిన చోట కాలు పెట్టడమే మేలు.

హిమాలయాల్లో బాట గాడిదలదీ కంచర గాడిదలదీ. బరువు మోసే జంతువుకి తగిన వాలు కాబట్టి మెలికలు తిరుగుతుంది, ఉత్తరాఖండ్ గఢ్వాల్‌లో చాలా చోట్ల రాళ్ళు పరిచి ఉంటుంది. వాలు సులువే. కానీ గిట్టలకి నునుపు తేలిన రాయి, దాని మీద తడి పేడ. కొంచెం దిగువన చీర్ పైన్ అడవుల్లో సూదుల్లాంటి ఆకుల పరుపు మీద నూనె ఒలికినట్టే ఉంటుంది, మలుపుల్లో పరుగు ఆపి నడవాలి. ఒకే ఎక్కుడు ఆగకుండా 1,500 మీటర్లు ఉండటం అక్కడ మామూలు. అంత పొడవు ఎక్కుడు మన దగ్గర దొరకదు, అందుకే చేతికర్రలు అక్కడ వేషం కోసం కాదు. మంచు కరిగి పారే వాగులు మధ్యాహ్నానికి పొంగుతాయి, దాటాల్సినవి పొద్దున్నే దాటేయాలి.

లద్దాఖ్‌లో రాయి కన్నా ముందు గాలి. లేహ్ సుమారు 3,500 మీటర్లు, గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడింట రెండొంతులే. విమానం దిగిన మొదటి రెండు రోజులు పరుగు జోలికే పోకూడదు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకి ఒక రోజు ఆగాలి. తలనొప్పితో పాటు వికారం ఉంటే ఎక్కడం ఆపాలి. నడక తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా మందు కోసం వెతుక్కోకుండా వెంటనే దిగాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు తరచూ అడిగేది మరొకటి: కాలిఫోర్నియాలో బాగా పరుగెత్తినవాడికి తూర్పు తీరంలో ఎందుకు చుక్కలు కనిపిస్తాయి అని. ఫ్రీమాంట్‌లో తెలుగువాళ్ళు వారం వారం ఎక్కే మిషన్ పీక్ ఎత్తు 767 మీటర్లు, నీడ లేని గడ్డి కొండ. ఎండలో సిమెంటు, వానలో సోలుకి అంటుకుని వదలని బంకమట్టి. అదే రాష్ట్రంలో తూర్పున సియెరా నెవాడా కొండల్లో గ్రానైట్, బాటలు చాలా వరకు గుర్రాలకి తగిన వాలులో కట్టినవి, పరుగు సాగుతుంది. తూర్పు తీరం వైపు కొండలు అపలాచియన్లు వాటికన్నా చాలా పాతవి, ఎత్తు తక్కువ. కానీ అక్కడి పాత బాటలు మనుషులు నేరుగా పైకి పోయినవి, మట్టి కొట్టుకుపోయి రాళ్ళూ వేళ్ళూ తేలాయి. న్యూ హాంప్‌షైర్ వైట్ మౌంటెన్స్‌లో గంటకి మూడు కిలోమీటర్లు పోతే బాగా పోయినట్టే. మన్యం సంత దారి అలవాటున్నవాడికి ఆ బాట కొత్తగా అనిపించదు.

మిత్రుడికి రాసిన జవాబు ఇది. వారంలో ఒక రోజు మన కొండ చాలు. రెండో రోజు ఎత్తు సమంగా లేని మెట్లు వెతుక్కో, రెండేసి చొప్పున ఎక్కు, దిగేటప్పుడు మాత్రం ఒక్కోటే. మూడో రోజు వానపడ్డ బండ మీద మెల్లగా నడువు, ఏ రబ్బరు నిలుస్తుందో అక్కడే తేలిపోతుంది. షూలో కాలి బొటనవేలి ముందు చేతి బొటనవేలు వెడల్పు ఖాళీ ఉండాలి, లేసు చివరి కన్నంలోంచి కూడా తీసి బిగించు, లేకపోతే దిగుడులో గోళ్ళు నల్లబడతాయి. అరచేతులకి సైక్లింగ్ గ్లవ్స్ వేసుకో, నల్లరాయి తోలు లేపేస్తుంది. నీళ్ళు లీటరున్నర మోయి, కోట మీద టాంకా (రాతి నీటి తొట్టె) ఉన్నా అందులో నీళ్ళు వడకట్టకుండా తాగకు. కటాఫ్ టైము (పరుగు ముగించాల్సిన గడువు) లెక్కలో మన కొండ వేగం పెట్టుకోకు, 37కి ఇంకో నాలుగోవంతు కలుపుకో.